చెప్పింది చెప్పినట్టు

ప్రిన్సిపాల్ గారు కళ్ళు మూసుకొని చెబుతారు. స్టెనోగ్రాఫర్ తల వంచుకొని రాస్తుంది. పందొమ్మిదేళ్ళుగా ఆ గదిలో ఉత్తరాలు పుట్టే పద్ధతి అదే. "రాసుకో అమ్మా" అన్న మాటతో పెన్సిల్ కాగితాన్ని తాకుతుంది. "చాలు" అన్న మాటతో కాగితాన్ని విడుస్తుంది. ఆ రెండు మాటల నడుమ వినిపించిన ప్రతి పలుకూ షార్ట్‌హ్యాండ్ గీతలుగా, చుక్కలుగా, చిన్నచిన్న కొక్కేలుగా నోట్‌బుక్కులోకి దిగుతుంది. పక్కగదిలో టైపవుతుంది. సంతకాల ఫైలులో చేరుతుంది. మధ్యాహ్న భోజనానికి ముందు ప్రిన్సిపాల్ గారు ఫోనును చెవికీ భుజానికీ నడుమ ఇరికించుకొని, ఎవరితోనో మాట్లాడుతూ, పేజీలు తిప్పుతూ, చదవకుండా సంతకాలు పెడతారు.

చదవకుండా. ఆ సంగతి బడిలో గోడలకు కూడా తెలుసు.

"ఈ ఫైల్లో ఆవిడ ఉద్యోగం ఊడబెరికే కాగితం పెట్టినా సంతకం చేసి ఇచ్చేస్తారు స్టెనమ్మా," అనేవాడు ముసలి అటెండరు, ఫైలు చంకన పెట్టుకుంటూ. "ఒక్కసారి నా జీతం రెండింతలని కొట్టరాదూ? మీ పేరు చెప్పుకొని బతుకుతాను."

"ఆవిడ చెబితే కొడతాను."

"ఆవిడ చెబితే ఇక మీరెందుకమ్మా? గంట కొట్టినట్టు నేనే కొట్టుకుంటాను!"

ఆమె నవ్వేది. కాని ఒక్క అక్షరం కూడా మార్చేది కాదు. ప్రిన్సిపాల్ గారు తేదీ తప్పు చెబితే తప్పు తేదీయే టైపు చేసి, పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టేది. అంతకు మించి చొరవ ఆమెకు లేదు. ఉండేది ఒకప్పుడు. తొలి ఉద్యోగం ఒక న్యాయవాది దగ్గర. ఒక నోటీసులో ఆయన ముప్పై రోజుల గడువన్నారు. అంతకుముందు నోటీసులన్నిటిలోనూ అరవై రోజులే గనుక, పెద్దాయన నోరు జారారనుకొని ఆమె అరవై అని కొట్టింది. ఆయన నోరు జారలేదు. ఆ ఒక్క మాటతో కేసు పోయింది. కక్షిదారు గుమ్మంలో నిలబడి, చెప్పులు విడవకుండానే, ఆమెను తిట్టాడు. ఆ తిట్లు ఆమె వేళ్ళలో మిగిలిపోయాయి. నాటినుంచి ఆ వేళ్ళు విన్నదే రాశాయి.

ఆమెకు ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు మరీ చిన్నగా ఉందని తల్లి పెట్టిన ముద్దుపేరు చుక్క. ఐదేళ్ళ వయసులోనే ఆ పిల్ల తల్లి ఒడిలో కూర్చొని షార్ట్‌హ్యాండ్ నేర్చింది. అక్షరాలకంటే ముందు గీతలు వచ్చాయి. అప్పటినుంచి భోజనం డబ్బా మూతలో రోజూ ఒక చీటీ ఉండేది. 'ఈ రోజు పరీక్ష, నీళ్ళు తాగడం మరిచిపోకు.' సాయంత్రం డబ్బా తిరిగొచ్చేటప్పుడు చీటీ వెనుక జవాబు ఉండేది. 'తాగాను. పరీక్ష నీళ్ళకంటే తేలిక.'

ఇంటాయన లిఫ్టు మెకానిక్. ఆ చీటీలు చూసినప్పుడల్లా ఆయనకు అనుమానమే.

"తల్లీకూతుళ్ళిద్దరూ ఆ కోడి కెలుకుళ్ళలో నన్నే కదూ ఆడిపోసుకునేది?"

"నిన్ను తిట్టడానికి కాగితం దండగ నాన్నా. నోరు చాలు."

ఇంకొక అలవాటు కూడా ఉండేది. స్టెనోగ్రాఫర్ నోట్‌బుక్కులో ఒకవైపే రాస్తారు. నిండిన పుస్తకాలను ఆమె ఇంటికి తెచ్చేది. ఖాళీగా ఉన్న వెనుక పేజీల మీద కూతురు లెక్కలు చేసుకునేది. ఆ గీతలు లోకంలో ఎవరికీ అర్థం కావు గనుక రహస్యాలకు భయం లేదని తల్లి నమ్మకం. తాను నేర్పిన ఆ ఒక్కరి సంగతి ఆమె మరిచిపోయింది. బదులుగా కూతురు ప్రతి ఉదయం తల్లి పెన్సిళ్ళు రెండూ చెక్కి పెట్టేది, ఒకటి పనికి, ఒకటి విరిగితే.

ఆ యేడు చుక్క అదే బడిలో చివరి తరగతి. కొండమీది విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టింది. నూరుమంది తలుపు తడితే నలుగురికి తెరుచుకునే చోటు అది. తొలి విడతలో పెట్టుకుంటే నూటికి పదిమందికి తెరుచుకుంటుంది; చదువయ్యే ఖర్చంతా వాళ్ళే భరిస్తారు. కాని తొలి విడతకు ఒక షరతు ఉంది. ఒక్క విశ్వవిద్యాలయానికే పెట్టాలి. కాదన్నారా, ఆ గుమ్మం మళ్ళీ ఎక్కడానికి లేదు. దరఖాస్తుతో పాటు బడి ప్రిన్సిపాల్ రాసిన ఉత్తరం ఒకటి వెళ్ళాలి. ఆ ఉత్తరాన్ని విద్యార్థి చూడకూడదు.

"పైకి పోయే యంత్రాలు బాగుచేసే వాడి కూతురివి," అన్నాడు తండ్రి, దరఖాస్తు వెళ్ళిన రోజున. "కొండెక్కకపోతే నా వృత్తికే తలవంపులు."

ఆ బడినుంచి తొలి విడతకు పెట్టినవాళ్ళు ఇద్దరే. చుక్క ఒకతె, బడి ధర్మకర్త గారి మనవడు ఇంకొకడు. బడి కొత్త భవనం మీద ఆ ధర్మకర్త గారి పేరే ఉంది.

ఉత్తరాలు చెప్పే రోజు వచ్చింది. ప్రిన్సిపాల్ గారు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. కళ్ళు మూసుకోబోతూ ఆగారు.

"ఆ గోడల చెమ్మ పటం సంగతేమిటమ్మా? ఎవరు చేశారది?"

"మా అమ్మాయి మేడమ్. ఏడాది పొడుగునా ప్రతి శనివారం నలభైమూడు గదుల గోడలకూ కాగితం ముక్కలు అంటించి, తీసి, తూకం వేసింది. ఏ గోడ ఎంత చెమ్మ తాగుతోందో పటం గీసింది. గోడ తవ్వకముందే పైపు పగిలిన చోటు చూపించింది."

"ఇద్దరూ కలిసే కదా?"

"ఆ బాబు కొన్నాళ్ళు నిచ్చెన పట్టుకున్నాడు మేడమ్."

"అదే, కలిసే. రాసుకో అమ్మా."

మొదటి ఉత్తరం మనవడిది. బడి గోడల చెమ్మకు పటం గీయాలన్న ఊహ ఆ ఉత్తరంలో అతనిదయింది. యాభై రెండు శనివారాలు అతనివయ్యాయి. ముప్పై ఏళ్ళ తన అనుభవంలో ఇటువంటి మేధను చూడలేదని ప్రిన్సిపాల్ గారు మూసిన కళ్ళతో, నిండిన గొంతుతో చెప్పారు. పెన్సిల్ నడిచింది. నిచ్చెన ఎక్కినవారూ పట్టుకున్నవారూ ఆ గీతల్లో చోట్లు మార్చుకున్నారు.

"ఇప్పుడు మీ అమ్మాయిది. రాసుకో అమ్మా. ఈమె శ్రద్ధగల విద్యార్థిని. చెమ్మ పటం పనిలో సహాధ్యాయికి తోడ్పడినది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. చెప్పనిది తనంతట తాను తలపెట్టడం నేను చూడలేదు. దారి చూపితే నడుస్తుంది, వెతుక్కోమంటే నిలబడిపోతుంది. చాలు."

పెన్సిల్ కాగితాన్ని విడిచింది.

"ఒకసారి చదువు."

ఆమె చదివింది. గొంతు ఎక్కడా తడబడలేదు. తన కూతురు వెతుక్కోమంటే నిలబడిపోతుందన్న మాట దగ్గర ఒత్తక్షరం కూడా స్పష్టంగా పలికింది.

"ఏమైనా మార్చాలంటావా?" ప్రిన్సిపాల్ గారు ఒక కన్ను తెరిచారు.

"మీరు చెప్పింది చెప్పినట్టే ఉంది మేడమ్."

ఆ కన్ను ఆమెను కాసేపు చూసింది. తరువాత మూసుకుంది.

"ఒకే బడినుంచి ఇద్దర్నీ ఆకాశానికెత్తితే ఇద్దర్నీ నమ్మరమ్మా. సరే, వెళ్ళు. టైపు చేసి ఫైల్లో పెట్టెయ్."

పక్కగదిలో ఆమె కీబోర్డు ముందు కూర్చుంది. భోజనం గంటకు నలభై నిమిషాలుంది. మనవడి ఉత్తరం ఐదు నిమిషాల్లో అయిపోయింది. రెండోది మొదలుపెట్టి, మొదటి వాక్యం చివర ఆగింది. అటెండరు తలుపులోంచి తొంగిచూశాడు.

"ఏం స్టెనమ్మా, మిషను మొరాయించిందా? మనిషి మొరాయించిందా?"

"ఏమీ లేదు. ఐదు నిమిషాలు ఆగు."

ఆ ఐదు నిమిషాలలో ఆమె మనసు ఎంత దూరం వెళ్ళాలో అంత దూరమూ వెళ్ళింది. 'తోడ్పడినది' అన్న ఒక్క మాట తీసేస్తే చాలు. 'చూడలేదు' ను 'చూశాను' చేస్తే చాలు. ఎవరు చదువుతారు? కాని తన వేలితో ఒక్క అక్షరం పెరిగినా ఆ సీటు కూతురు సొంతంగా గెలుచుకున్నది కాకుండా పోతుందనుకుంది. న్యాయవాది గుమ్మంలో చెప్పులతో నిలబడ్డ మనిషి కళ్ళముందు నిలబడ్డాడు. ఆమె టైపు చేసింది. పూర్తిగా, తప్పు లేకుండా, కామాలతో సహా. ప్రశ్నార్థకం కూడా పెట్టలేదు.

సంతకం అయింది. ఉత్తరం స్కాన్ అయింది. వెళ్ళిపోయింది.

"ఎలా రాశారమ్మా?" అని ఆ సాయంత్రం కూతురు వెంటబడింది. "మాట చెప్పొద్దులే. కనుబొమ్మ ఎగరెయ్యి చాలు."

"పొందికగా ఉంది," అంది తల్లి. "తప్పులు లేవు."

చలికాలం సెలవులకు వారం ముందు ఫలితం వచ్చింది. ముగ్గురూ వంటగదిలో ఫోను చుట్టూ నిలబడి చూశారు. నాలుగు వాక్యాలు. మూడు వాక్యాల్లో మర్యాద. ఒక వాక్యంలో విషయం. తండ్రి చేతిలోని స్పానరును గుడ్డతో తుడిచి, తుడిచినదాన్నే మళ్ళీ తుడిచాడు.

మరునాడు బడి గేటు దగ్గర మనవడి ఫొటో పెద్దదిగా వేలాడింది. నవ్వు బాగుంది. వెనుక నేపథ్యంగా చెమ్మ పటాన్ని అచ్చువేశారు. ఆ పటంలోని అంకెలు చుక్క చేతిరాతలో ఉన్నాయి. ఎవరూ గమనించలేదు. గమనించినవాళ్ళు నోరు మెదపలేదు.

ఆపై సోమవారం సాయంత్రం స్టెనోగ్రాఫర్ సింకు దగ్గర కూతురి డబ్బా మూత తీసింది. అన్నం ముట్టలేదు. తన చీటీ వెనుక ఒకే ఒక గీతల వరుస ఉంది. నీళ్ళు పారుతుండగానే చదివింది.

'చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది.'

ఆమె కుళాయి కట్టేసింది. వంటగది బల్లమీద కూతురు లెక్కలు చేసుకుంటోంది, నిండిన నోట్‌బుక్కు వెనుక పేజీల మీద.

"ఎప్పుడు చూశావు?"

"నిన్న. లెక్క తప్పొచ్చి పేజీ తిప్పాను." చుక్క తల ఎత్తలేదు. "రెండుసార్లు చదివానమ్మా. మాటల కోసం కాదు. చెయ్యెక్కడైనా వణికిందేమోనని. ఒక్క గీతైనా వంకరపోయిందేమోనని. లేదు. చాలా అందంగా రాశావు."

"నేను చెప్పలేదే తల్లీ ఆ మాటలు. ఆవిడ చెప్పారు."

"టైపు చేసింది?"

"నేనే."

"చదవకుండా సంతకం పెడతారని అటెండరు తాత చెప్పే జోకులన్నీ ఇంటికొచ్చి మాకు చెప్పి నవ్వించేదీ నువ్వే."

తండ్రి గుమ్మంలోకి వచ్చాడు. "ఊరుకోవే. అమ్మ ఉద్యోగం అలాంటిది."

"నాన్నా, నీ లిఫ్టులో మనిషి ఇరుక్కున్నాడనుకో. తలుపు తెరవమని నాకెవరూ చెప్పలేదని కింద కూర్చుంటావా?"

కూతురు మళ్ళీ లెక్కలోకి వంగింది. మరునాటి ఉదయం డబ్బాలో చీటీ వెళ్ళింది. సాయంత్రం జవాబు లేకుండా తిరిగొచ్చింది. కాని పెన్సిళ్ళు మాత్రం చెక్కి ఉన్నాయి, ఎప్పటిలాగే రెండు. అలవాటు అలక కంటే పొద్దున్నే లేచింది.

సెలవుల తరువాత మలివిడత. మిగిలిన ఆరు విశ్వవిద్యాలయాలకు దరఖాస్తులు. వాటన్నిటికీ మళ్ళీ అదే ప్రిన్సిపాల్ ఉత్తరం కావాలి. స్టెనోగ్రాఫర్ పందొమ్మిదేళ్ళలో మొదటిసారి పిలవకుండా ఆ గదిలోకి వెళ్ళింది.

"మేడమ్, మా అమ్మాయికి మలివిడత ఉత్తరాలు… కొంచెం మంచిమాట చెబితే…"

ప్రిన్సిపాల్ గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

"నువ్వు మారుస్తావనుకున్నానమ్మా."

"మేడమ్?"

"ఏమైనా మార్చాలా అని అడిగాను కదా. నోరు తెరిచి అడిగాను. ధర్మకర్త గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, రెండో పిల్లకేం చెప్పారు అంటారు. నేను చెప్పిందేమిటో చెప్పుకోవాలి కదా? అందుకే అలా చెప్పాను. ఫైల్లో ఏముందో నేను చూడనని నీకు తెలీదా? ఏ తల్లయినా మారుస్తుంది. సాయంత్రానికి నా ఉత్తరం నీ చేతిలో బాగుపడి వెళ్ళిపోతుందనుకొని నిశ్చింతగా ఉన్నాను. సీటు రాలేదన్నాక స్కాను తీయించి చూశాను. కామాతో సహా నాదే!" ఆవిడ తల అడ్డంగా ఊపారు. "అప్పుడనుకున్నాను, ఆ పిల్ల గురించి నేనన్న మాట నిజమే కాబోలని. రక్తంలో ఉంటేనే కదా వస్తుంది."

స్టెనోగ్రాఫర్ తలుపు పిడి పట్టుకొని నిలబడింది.

"మలివిడతకి పాత ఉత్తరమే. విశ్వవిద్యాలయాల పేర్లు మార్చి ఆరు కాపీలు ఫైల్లో పెట్టు," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "వెళ్ళు."

ఈసారి ఆమెకు అర్థమైంది. అర్థమైందనుకుంది. పక్కగదిలో కూర్చొని, నోట్‌బుక్కు లేకుండా, ఎవరి గొంతూ చెవిలో లేకుండా, మొదటిసారి ఒక ఉత్తరం రాసింది. మొదటి వాక్యానికి పావుగంట పట్టింది. తరువాత వేళ్ళు దారి కనుక్కున్నాయి. నలభైమూడు గదులు. యాభై రెండు శనివారాలు. పొడి రోజున కాగితం బరువెంత, వానరోజున ఎంత. పైపు పగిలిన చోట ఆ పిల్ల వేలు పెట్టి చూపితే తాపీమేస్త్రి నమ్మక నవ్విన సంగతీ, తవ్వాక నవ్వు మానిన సంగతీ. 'ఈ పని చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు' అన్న వాక్యంతో ఉత్తరం ముగిసింది. ఆరు కాపీలు. ఒక్క తప్పు లేదు.

అటెండరు ఫైలు అందుకుంటూ ఆమె ముఖం చూశాడు. "ఏమిటి స్టెనమ్మా, వెలిగిపోతున్నారు? నా జీతం గానీ పెంచేశారా?"

"ఈసారి కాదు. వచ్చేసారి."

పది నిమిషాల్లో పిలుపు వచ్చింది.

ఫోను బల్లమీద బోర్లా పడి ఉంది. కళ్ళద్దాలు ముక్కుమీద ఉన్నాయి. ప్రిన్సిపాల్ గారు ఉత్తరం చదువుతున్నారు. వేలితో ఒక్కొక్క వరుసే కిందకు దిగుతూ, పెదవులు కదుపుతూ, బడి మొదలైననాటినుంచి చదవని కాగితాలన్నిటి బాకీ తీరుస్తున్నట్టుగా చదువుతున్నారు.

"అమ్మాయిని కూడా పిలిపించు," అన్నారు అటెండరుతో.

చుక్క వచ్చి తల్లి పక్కన నిలబడింది. వచ్చిన సంగతేమిటో బల్లమీది కాగితం చూడగానే గ్రహించింది. తలకిందులుగా చదవగలిగినంత మేర చదివింది.

"ఇది రాసింది ఎవరు? తల్లా, కూతురా?" ప్రిన్సిపాల్ గారి గొంతు మెత్తగా ఉంది. "కూతురైతే దొంగ ఉత్తరం రాసిన పిల్ల అని ఆరు చోట్లకీ తెలియజేయాలి. నా బాధ్యత అది."

"నేను రాశాను మేడమ్," అంది తల్లి.

"ఎవరు చెప్పారు రాయమని?"

"ఎవరూ చెప్పలేదు."

కూతురు తల తిప్పి తల్లిని చూసింది. నెల రోజుల తరువాత చూసింది. ఆ చూపు తగిలినచోట తల్లి చెంప వేడెక్కింది. ఆ ఒక్క క్షణం గదిలో ఇద్దరే ఉన్నారు.

"బాగా రాశావమ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "ఇంత బాగా వస్తుందనుకోలేదు. తొలి విడతలో ఇదే పెట్టి ఉంటే చదవకుండా సంతకం చేసి ఉండేదాన్ని. సీటు కూడా వచ్చేదేమో." కాగితాలు ఆరూ ఒకదాని మీద ఒకటి సర్ది, నిలువునా చింపారు. "కాని తలుపు తీసి ఉందని నా నోటితో చెప్పాక, ఇంకా తీసే ఉంచితే నేనేం ప్రిన్సిపాల్ని? ఇకమీదట ప్రతి కాగితమూ చదవాల్సిందే. నీ పుణ్యమా అని నాకీ శిక్ష."

తల్లి బల్లమీది చింపిన ముక్కలను ఒకచోట చేర్చింది.

"ఉద్యోగానికేం భయం లేదు, కంగారు పడకు. నీలా చెప్పింది చెప్పినట్టు రాసేవాళ్ళు నాకెక్కడ దొరుకుతారు? కూర్చో." కుర్చీలో వెనక్కి వాలారు. కళ్ళద్దాలు తీశారు. కళ్ళు మూసుకున్నారు. "పాప కూడా ఉండనీ, విననీ. ఇందులో దాచేదేముంది? రాసుకో అమ్మా."

తల్లి కూర్చుంది. నోట్‌బుక్కు తెరుచుకుంది. పెన్సిల్ కాగితాన్ని తాకింది.

"ఈమె శ్రద్ధగల విద్యార్థిని."

చుక్క తల్లి భుజం మీదుగా ఆ పెన్సిల్‌నే చూసింది. లోకంలో ఆ గీతలు చదవగలిగినవాళ్ళు ఆ గదిలోనే ఇద్దరు ఉన్నారు. ప్రిన్సిపాల్ గారి కళ్ళు మూసి ఉన్నాయి. తల్లి ఏమైనా రాయవచ్చు. ఒక తిట్టు రాయవచ్చు. 'ఏడవకు' అని రాయవచ్చు. ఒక ఖాళీ వదలవచ్చు. కూతురు ఒక్కొక్క గీతనూ అది పుడుతుండగానే చదివింది.

"చెమ్మ పటం పనిలో సహాధ్యాయికి తోడ్పడినది."

గీత, కొక్కెం, చుక్క. తోడ్పడినది.

"చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది."

అదీ అలాగే దిగింది. చెయ్యి వణకలేదు.

"చెప్పనిది తనంతట తాను…"

అక్కడ పెన్సిల్ ముల్లు విరిగింది. టక్కుమని చిన్న చప్పుడు. నల్లటి ముక్క పేజీ మీద దొర్లి కిందపడింది. తల్లి చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆ చెయ్యి అలాగే ఉండిపోవచ్చు, తల్లి లేచి నిలబడవచ్చు, తలుపు మూడడుగుల దూరంలోనే ఉంది. కళ్ళు మూసుకొన్న మనిషికి ఏమీ కనబడదు.

చుక్క వంగింది. తల్లి సంచీ పక్క జేబులోంచి రెండో పెన్సిల్ తీసింది, పొద్దున తాను చెక్కినదాన్ని. ముల్లు తనవైపుకు తిప్పుకొని, పట్టుకొనే కొస తల్లి వేళ్ళకు అందించింది.

"…తలపెట్టడం నేను చూడలేదు," అన్నారు ప్రిన్సిపాల్ గారు, కళ్ళు మూసుకొనే.